ఇద్దరు వెళ్ళారు, ఇద్దరు వచ్చారు

దజీజ్‌లోని గోడౌన్ గేటుకి ఇరాక్ సైనికులు ఒక కాగితం అంటించారు. అది చూసేదాకా సోమేశ్వరరావుకి అన్నం సయించలేదు. చూశాక ఆకలేసింది.

కువైట్‌ని ఇరాక్ మింగేసిన ఆగస్టు నెల అది. ఆ గోడౌన్ పెళ్ళి సామాను అద్దెకిచ్చే కంపెనీది. బంగారు రంగు కుర్చీలు, షామియానాలు, ఎర్ర కార్పెట్లు, గొర్రెని గొర్రెలాగే పడుకోబెట్టగలిగినంత పెద్ద పళ్ళాలు అన్నీ అందులోనే ఉంటాయి. కంపెనీ యజమాని దండయాత్ర మొదలైన పూటే పెళ్ళాం బిడ్డలతో కారెక్కి సౌదీకి పోతూ, తాళాలు స్టోర్‌కీపరు చేతిలో పడేసి "నువ్వు చూసుకో" అన్నాడు. ఆ స్టోర్‌కీపరే మన సోమేశ్వరరావు, అమలాపురం మనిషి. యజమాని చెప్పింది గోడౌన్ సంగతి. ఈయన మాత్రం ఆ రోజు నుంచీ తనకి మేనేజరుగా ప్రమోషన్ వచ్చినట్టే నడుస్తున్నాడు.

కాగితం అరబ్బీలో ఉంది. పక్క షాపులో పనిచేసే ఈజిప్టు గుమాస్తా చదివి అర్థం చెప్పాడు. ప్రజాభద్రత కోసం, కప్పూ గోడలూ గేటూ ఉన్న ఏ చోటునైనా తాత్కాలిక నిర్బంధ స్థలంగా ప్రకటించే అధికారం స్థానిక సైనికాధికారికి ఉంది. ఈ గోడౌన్‌కి కప్పుంది, గోడలున్నాయి, గేటుంది. కాబట్టి ప్రకటించడమైనది.

"చూశారా," అన్నాడు సోమేశ్వరరావు ఆ సాయంత్రం అర్దియాలో తన ఫ్లాటుకి వచ్చిన సత్యప్రసాద్‌తో. సత్యప్రసాద్‌ది కాకినాడ. పై అంతస్తులో ఉంటాడు, బ్యాంకులో పని. "అన్యాయం ఎక్కడైనా జరుగుద్దండీ. కాగితం పెట్టి చేస్తున్నారా, పెట్టకుండా చేస్తున్నారా అన్నది పాయింటు. వీళ్ళు పెట్టారు."

"తాత్కాలికం అంటే ఎన్నాళ్ళని రాశారాండీ?"

"తాత్కాలికం అంటే తాత్కాలికవేనండీ. ఎన్నాళ్ళో రాసేస్తే ఇంక అది తాత్కాలికం ఎలా అవుద్ది?"

సత్యప్రసాద్‌కి ఇది సబబుగానే తోచింది. బ్యాంకులో చేరిన నాటి నుంచీ ఆయనది టెంపరరీ పోస్టే.

సోమేశ్వరరావు భార్య పద్మశ్రీ కాఫీలు తెచ్చింది. "ఏవండీ, ఆ పట్టుకొచ్చినవాళ్ళని చెప్పులతోనే లోపలికి పంపిస్తారాండీ? రంజానుకి తెప్పించిన కార్పెట్లు ఇంకా పరవనన్నా పరవలేదు కదా?"

సోమేశ్వరరావు కాఫీ కప్పు కింద పెట్టేశాడు. ఆయనకి అది తట్టలేదు.

ఇక్కడ ఆయన రాజకీయ జీవితం గురించి చెప్పాలి. పెద్దగా లేదు. కాలేజీ రోజుల్లో ఏదో బంద్ జరిగితే, రోడ్డు మీద నిలబడి చూస్తున్న ఈయన్ని కూడా పోలీసులు వ్యానెక్కించారు. స్టేషన్ నిండిపోయింది. అందుకని అందర్నీ కల్యాణమంటపంలో కూచోబెట్టారు. పొట్లాల్లో ఉప్మా పెట్టారు. ఎవరో ఫొటో తీశారు. సర్కిల్ ఇన్‌స్పెక్టరు వచ్చి "బాగా చదువుకోండి బాబూ" అని పొద్దుగూకే లోపల వదిలేశాడు. వాళ్ళమ్మ గుమ్మంలో దిష్టి తీసింది. కువైట్‌లో తెలుగువాళ్ళు నలుగురు కలిసిన చోటల్లా ఈయన ఆ అరెస్టు కథ చెప్పేవాడు. చెప్పినప్పుడల్లా ఉప్మాలో జీడిపప్పు పెరిగేది.

ఈ కథ వల్ల అప్పటిదాకా ఎవరికీ హాని జరగలేదు.

*

వాళ్ళ వీధి చివర సందులోంచి ఎవరో మిలిటరీ జీపు మీద కాల్పులు జరిపారు. తెల్లారేసరికి సందు రెండు కొసలా ట్యాంకులు నిలబెట్టి, మైకులో పిలిచారు. సందులో ఉన్న మగాళ్ళందరూ కాగితాలు తీసుకుని బయటికి రావాలి. వచ్చినవాళ్ళని వచ్చినట్టు లారీల్లో ఎక్కించి దజీజ్ గోడౌన్‌కి తోలారు.

ఆ సందులోనే ఒక కువైటీ ఇంట్లో రామాంజులు డ్రైవరు, అతని భార్య గురమ్మ పనిమనిషి. ఇద్దరిదీ రాయచోటి దగ్గర పల్లె. ఇంటివాళ్ళు సౌదీకి పారిపోతే, వీళ్ళే ఇల్లు కాపలా కాస్తున్నారు. మైకు మోగగానే రామాంజులు వెనక గోడ దూకి, సోమేశ్వరరావు వాళ్ళ బిల్డింగులో దూరాడు. ఆ బిల్డింగు వాచ్‌మన్ నూర్ బాషాది కూడా రాయచోటే. అతన్ని మెట్ల కింద తన గదిలో మంచం కిందకి తోసి, పైన దుప్పటి వేలాడదీశాడు.

ఆ సంగతి చెప్పడానికే గురమ్మ సోమేశ్వరరావు గుమ్మంలోకి వచ్చింది.

"సార్, మా ఆయన నూర్ బాషా రూములో ఉండాడు. మెట్లు దిగేటప్పుడు మీకు కనపడితే ఎవురితోనూ అనాకండి సార్. అదే పదేలు మాకు."

"అదేంటి గురమ్మా! దాక్కోడం నేరం తెల్సా?"

"జీపును కాల్చింది మేం కాదు గదా సార్."

"అదే నేనూ అనేది. ఏ తప్పూ చెయ్యనివాడు ఎందుకు దాక్కోవాలి? దాక్కుంటే తప్పు చేసినట్టే. వెళ్ళి కనపడితే చెయ్యనట్టే. పేరు రాసుకుంటారు, ఇంత తినడానికి పెడతారు, పొద్దుగూకే లోపల వదిలేస్తారు. నేను లోపలుండి వచ్చినవాణ్ణి, నాకు తెలీదా?"

"మీరు జైల్లో ఉన్నారా సార్?" గురమ్మ బెదిరి ఒక అడుగు వెనక్కేసింది.

"జైలు కాదు. కల్యాణమంటపం."

గురమ్మకి అర్థం కాలేదు. కానీ సారు కోటు వేసుకునే మనిషి, ఇంగ్లీషు మాట్లాడే మనిషి, పైగా ఆ గోడౌన్ తాళాలున్న మనిషి. కిందకి వెళ్ళి చెప్తే నూర్ బాషా మాత్రం తల అడ్డంగా ఊపాడు. "పంపాకు గురమ్మక్కా. వాళ్ళు పేర్లు రాసుకునే రకం మాదిరి ల్యారు," అన్నాడు. వాచ్‌మన్ మాటా సారు మాటా ఒక తక్కెట్లో వేస్తే ఎటు మొగ్గుతుందో అందరికీ తెలిసిందే.

సోమేశ్వరరావే రామాంజుల్ని దగ్గరుండి తయారుచేయించాడు. నీట్‌గా ఉంటే మర్యాదగా చూస్తారని తన ఇస్త్రీ చొక్కా ఒకటి ఇచ్చాడు. జేబులో ఇఖామా, అంటే కువైట్‌లో ఉండటానికిచ్చే పర్మిట్టు, పెట్టించాడు. కంపెనీ పికప్‌లో కూచోబెట్టుకుని, గోడౌన్ గేటు దగ్గర దింపి, సైనికుడికి "సర్, హి కేమ్ హిమ్‌సెల్ఫ్" అని చెప్పి అప్పజెప్పాడు. సైనికుడు ముందు ఇఖామా తీసుకున్నాడు. తర్వాత చెంప పగలగొట్టాడు. తర్వాత లోపలికి తోశాడు.

"వరస తెలీని కుర్రాడు," అన్నాడు సోమేశ్వరరావు ఇంటికొచ్చి. "కొత్తగా చేరుంటాడు."

పొద్దుగూకింది. రామాంజులు రాలేదు. మర్నాడూ రాలేదు. గురమ్మ రోజూ వచ్చి గుమ్మం పక్కన కూచునేది.

"ఈ పొద్దైనా ఇడిసిపెడతారా సార్?"

"ప్రొసీజరు నడుస్తోంది గురమ్మా."

పద్మశ్రీ మనసు మెత్తనిది. మనిషి అలా ఊరికే కూచుని కుమిలిపోతుంటే చూడలేకపోయింది. "ఆ గిన్నెలు తోముతూ ఉండు గురమ్మా, కాస్త దిగులు తగ్గుద్ది," అంది. మూడో రోజుకి గురమ్మ దిగులు తగ్గడం కోసం బాత్రూములు కూడా కడుగుతోంది.

*

గోడౌన్ రేకుల కప్పు కింద, ఆగస్టు ఎండలో, జనాన్ని మోకాళ్ళ మీద కూచోబెట్టారు. కువైటీలు, పాలస్తీనావాళ్ళు, బంగ్లాదేశ్‌వాళ్ళు, మనవాళ్ళు. ఒక మూల దొడ్డికి కేటాయించారు. ఆ మూలకి ఎదురుగా పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ కూచునే మఖమల్ సోఫా ఉంది. దాని మీద కెప్టెన్ కూచునేవాడు. షామియానా గుడ్డలు కట్టలు కట్టి పేర్చిన వెనక్కి ఒక్కొక్కణ్ణి తీసుకెళ్ళేవాళ్ళు. అక్కణ్ణించి వచ్చే అరుపులు రేకులకి తగిలి మళ్ళీ కింద కూచున్నవాళ్ళ మీదే పడేవి.

తాళాల మనిషి కాబట్టి సోమేశ్వరరావుకి లోపలికి వెళ్ళే వీలుంది. రోజూ కెప్టెన్‌కి టీ పట్టుకెళ్ళేవాడు. వెళ్ళినప్పుడల్లా సామాను ఒకసారి చూసుకునేవాడు. ఒకరోజు ఒక బంగారు రంగు కుర్చీ కాలు విరిగి ఉంది. దేని మీద విరిగిందో పక్కనే పడి ఉంది. అది నెల్లూరో ఢాకానో తెలీదు, మొహం అంతా రక్తం, ఊపిరి మాత్రం ఆడుతోంది. సోమేశ్వరరావు చాలాసేపు బాధగా చూశాడు. ఆ సెట్టులో కుర్చీలు ఇప్పుడు విడిగా దొరకడం లేదు.

రామాంజులు ముందు వరసలోనే ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా మురికి పేలిక అయిపోయింది. "సార్, నీళ్ళు ఇప్పించండి సార్. మా ఆడమనిసికి చెప్పండి సార్," అన్నాడు గొంతు తగ్గించి. సోమేశ్వరరావు ప్రోత్సాహకరంగా తల ఊపాడు.

ఆ రోజు కెప్టెన్ టీ తాగుతూ అన్నాడు. "మిస్టర్ సోమేష్, నువ్వు మంచివాడివి. ఈ ఊళ్ళో నాకు పిలవకుండా టీ తెచ్చింది నువ్వొక్కడివే. ఏదైనా ఒకటి అడుగు, చేస్తా. ఒక్కటే."

ఇలాంటి పెద్ద నిర్ణయం ఇంట్లో అడక్కుండా తీసుకునే మగవాడు కాదు సోమేశ్వరరావు. రేపు చెప్తానన్నాడు.

ఇంట్లో చర్చ జరిగింది. సత్యప్రసాద్ కూడా దిగి వచ్చాడు. వంటగదిలో గురమ్మ గిన్నెలు తోముతోంది కాబట్టి, పెద్దమనుషుల అలవాటు ప్రకారం ముగ్గురూ ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు. గురమ్మ కుళాయి కట్టేసి వింది. ఆమెకి ఇంగ్లీషు రాదు. అయినా అంతసేపు మాటల్లో తన మొగుడి పేరు ఒక్కసారంటే ఒక్కసారే వచ్చిందనీ, దాని వెనకాల అందరూ చప్పున వేరే మాటలోకి వెళ్ళిపోయారనీ అర్థమైంది.

ఆ ఒక్కసారి పేరు తెచ్చింది సత్యప్రసాద్. దానికి పద్మశ్రీ చెప్పిన జవాబు తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది. "రామాంజులు ఎలాగూ వచ్చేస్తాడు కదండీ. మీరే అన్నారు తాత్కాలికవని. వచ్చేవాడి కోసం ఉన్న ఒక్క ఫేవరూ ఖర్చు పెట్టుకుంటామా? కార్పెట్లు అలాక్కాదు. మరకపడితే పడినట్టే. రేపు ఓనరు తిరిగొస్తే ఏం సమాధానం చెప్తాం?"

ఇందులో లోపం ఎక్కడుందో సత్యప్రసాద్‌కి కనపడలేదు. మర్నాడు సోమేశ్వరరావు వెళ్ళి, కొత్త కార్పెట్లు తన ఇంట్లో భద్రపరుచుకోనివ్వమని కెప్టెన్‌ని అడిగాడు.

కెప్టెన్ నవ్వడానికి చాలాసేపు పట్టింది, ఆపడానికి ఇంకా ఎక్కువసేపు పట్టింది. "తీసుకో. మొయ్యడానికి వీళ్ళలో ఒకణ్ణి తీసుకో. ఇద్దరు వెళ్ళాలి, ఇద్దరు రావాలి. నీ పాస్‌పోర్టు గేటు దగ్గర పెట్టి వెళ్ళు."

సోమేశ్వరరావు రామాంజుల్ని ఎంచుకున్నాడు. జాలితో కాదు. తెలిసినవాడైతే కార్పెట్టుని నేల మీద ఈడవడు.

*

రామాంజులు కార్పెట్ల చుట్టలు ఒకదాని తర్వాత ఒకటి భుజం మీద పెట్టుకుని మెట్లెక్కాడు. అతని దగ్గర్నించి గోడౌన్ వాసన వస్తోంది. పద్మశ్రీ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, అతను నిలబడటానికి పాత పేపరు పరిచింది. "ఇదిగో, దీని మీంచి కదలకు నాయనా," అంది. టీ ఇచ్చింది. బాల్కనీలో పనివాళ్ళ కోసం విడిగా ఉంచిన స్టీలు గ్లాసులో ఇచ్చింది.

వంటగదిలోంచి గురమ్మ వచ్చింది. మొగుణ్ణి చూసింది. ఏడవలేదు. తడి చేతులతో అతని మొహం తుడిచింది.

"టీ తాగేసి బయల్దేరదాం రామాంజులూ," అన్నాడు సోమేశ్వరరావు. "మళ్ళీ లేటైతే బావోదు."

"ఇంగ రాడు సార్," అంది గురమ్మ.

"రాడంటే? నేను మాటిచ్చానమ్మా!"

"మాట మీది సార్. మొగుడు నాది."

"ఇది చట్టం గురమ్మా. మధ్యలో వచ్చేస్తే పారిపోయినట్టు లెక్క. పోనీ నాలుగు రోజులు ఓపిక పట్టారు, ఇంకో రెండు..."

"సార్," రామాంజులు మొదటిసారి గొంతెత్తాడు. "రేపు పొద్దున బస్సులొస్తాయంట. అందర్నీ బస్రాకి తోలుకపోతారంట. పోయినోళ్ళు ఎవురూ తిరిగొచ్చింది ల్యా. అక్కడ ఏం జరగతాందో మీరూ సూసినారు గదా సార్!"

"చూశాను," అన్నాడు సోమేశ్వరరావు. "కుర్చీలు పాడైపోతున్నాయి."

రామాంజులు గ్లాసు కింద పెట్టాడు. పెళ్ళాం మొహంలోకి చూశాడు. ఆమె కళ్ళతోనే గుమ్మం చూపించింది.

సరిగ్గా అప్పుడే లోపలి గదిలోంచి పద్మశ్రీ కేకేసింది. "ఏవండీ! ఇది మంచం కింద పట్టట్లేదండీ, ఓ చెయ్యెయ్యండి!" సోమేశ్వరరావు వెళ్ళాడు. కార్పెట్టుని మంచం కిందకి తోసి, చెయ్యి దులుపుకుని వచ్చేసరికి పేపరు మీద మనిషి లేడు. వంటగదిలో గురమ్మ లేదు. సబ్బు నురగతో ఒక పళ్ళెం మాత్రం ఉంది.

కింద నూర్ బాషా అప్పటికే వెనక గేటు తీసి ఉంచాడు. వఫ్రా తోటల నుంచి వచ్చిన కూరగాయల లారీ వెనక సందులో ఖాళీ అయి తిరిగిపోతోంది. దాని డ్రైవరుది రాజంపేట. ఆ తోటల్లో గొర్రెలు కాసేవాళ్ళంతా కడప మనుషులే. ఇద్దరినీ ఖాళీ గోనెల కింద పడుకోబెట్టి, "యల్లా, పోనీ" అని లారీ మీద చరిచి, గేటు మూసి, నూర్ బాషా వచ్చి తన స్టూలు మీద కూచున్నాడు.

సోమేశ్వరరావు మెట్లు దిగి వచ్చాడు. చొక్కా తడిసిపోయింది.

"నూర్ బాషా! రామాంజులు ఎటెళ్ళాడు?"

"నేను సూడలేదు సార్."

"గురమ్మ?"

"ఆమెను గూడ సూడలేదు సార్." నూర్ బాషా తల దించుకున్నాడు. ఏళ్ళ తరబడి సలాం కొడుతున్న సారుకి ఎదురుగా నిలబడి అబద్ధం చెప్పాల్సొచ్చినందుకు అతనికి సిగ్గేసింది.

సోమేశ్వరరావుకి కళ్ళముందు పాస్‌పోర్టు తిరిగింది. పాస్‌పోర్టు లేకపోతే బాగ్దాద్ లేదు, అమ్మాన్ లేదు, బొంబాయి విమానం లేదు. ఇద్దరు వెళ్ళారు, ఇద్దరు రావాలి. ఆయన స్టోర్‌కీపరు బుర్ర పనిచెయ్యడం మొదలుపెట్టింది. ఒక సెట్టులో కుర్చీ తగ్గితే ఏం చేస్తాడు? పక్క సెట్టులోంచి అలాంటిదే ఒకటి తెచ్చి వరసలో పెడతాడు. పెళ్ళివాళ్ళు కుర్చీలు లెక్కపెట్టుకుంటారు గానీ, ఏ కుర్చీ ఏదని మొహాలు చూడరు. ఇన్నేళ్ళలో ఒక్కళ్ళు కూడా చూడలేదు.

ఆయన నూర్ బాషాని చూశాడు. అదే ఎత్తు. అదే నలుపు. అలాంటి మీసమే.

"గోడౌన్లో ఇంకో కార్పెట్టు ఉండిపోయింది నూర్ బాషా. కాస్త వచ్చి ఎత్తిపెడతావా? అరగంట పని."

వేరే రోజయితే నూర్ బాషా ఏదో పని చెప్పి తప్పించుకునేవాడేమో. ఇందాకటి అబద్ధం లోపల గుచ్చుతోంది. సారుకి ఒక మేలు చేస్తే అది చెల్లిపోతుందనుకున్నాడు. "పదండి సార్," అని చెప్పులు తొడుక్కున్నాడు.

గేటు దగ్గర సైనికుడు వేలితో లెక్కపెట్టాడు. ఒకటి, రెండు. పాస్‌పోర్టు తెచ్చి సోమేశ్వరరావు చేతిలో పెట్టాడు. నూర్ బాషా మామూలుగా లోపలికి నడిచాడు. గేటు మూసుకుంది.

సోమేశ్వరరావు పికప్ ఎక్కి తాళం తిప్పాడు. అది స్టార్టింగ్ ట్రబులున్న బండి.

"సార్!" గేటు వెనక నుంచి నూర్ బాషా గొంతు. "యాడుంది సార్ కార్పెట్టు?"

బండి దగ్గింది. ఆగింది.

"సార్! ఈడ ల్యా సార్!"

బండి మళ్ళీ దగ్గింది.

"సార్... వీళ్ళు నన్ను కూచోమంటాండారు సార్! మీరు చెప్పండి సార్!"

మూడోసారికి బండి స్టార్టయింది. కంపెనీ బండిని ఇంత అధ్వాన్నంగా ఉంచుకున్నందుకు సోమేశ్వరరావు యజమానిని మనసులో తిట్టుకున్నాడు.

*

పొద్దున్నే బిల్డింగులో ఏ కుళాయిలోనూ నీళ్ళు రాలేదు. పైట్యాంకు ఖాళీ. మోటారు వెయ్యలేదు. పద్మశ్రీ తలంటుకుంటూ మధ్యలో ఆగిపోయి, తలకి తువ్వాలు చుట్టుకుని మెట్ల మీదకి వచ్చింది. అన్ని ఫ్లాట్ల వాళ్ళూ వచ్చారు.

"వాచ్‌మన్ చెప్పాపెట్టకుండా పోయాడండీ!" అన్నాడు సత్యప్రసాద్. "యుద్ధవని తెల్సు కదా. ఇలాంటప్పుడేనా వెళ్ళడం?"

"వీళ్ళకి బాధ్యత ఉండదండీ," అంది పద్మశ్రీ. "మొన్న పండక్కి నా పాత చీర ఇచ్చాను, వాళ్ళావిడికి పంపుకోమని. అదన్నా గుర్తుండాలా?"

ఎవరో అన్నారు, నిన్న సోమేశ్వరరావుగారి పికప్‌లో వెళ్తూ కనపడ్డాడని.

మెట్ల మీద అందరూ ఆగిపోయారు. అందరికీ ఆ గోడౌన్ ఏమిటో తెలుసు. అక్కడికి వెళ్ళినవాళ్ళ సంగతీ తెలుసు. సోమేశ్వరరావు గోడకేసి చూస్తూ నిలబడ్డాడు. పద్మశ్రీ తువ్వాలు ముడి బిగించుకుంది. అందరి తరఫునా సత్యప్రసాదే గొంతు సవరించుకున్నాడు.

"అయితే మరి... మోటారు గది తాళంచెవి అడిగి తీసుకున్నారాండీ?"

తీసుకోలేదు. అది నూర్ బాషా జేబులోనే ఉంది. అందరూ సోమేశ్వరరావుని తొందరపెట్టారు. గేటు సందులోంచి అడిగినా ఇచ్చేస్తాడు, లోపలికి కూడా వెళ్ళక్కర్లేదన్నారు. ఆయన దజీజ్ వెళ్ళాడు.

గోడౌన్ గేటు బార్లా తెరిచి ఉంది. కాపలా లేదు. బస్సులు తెల్లవారుఝామునే వెళ్ళిపోయాయని ఈజిప్టు గుమాస్తా చెప్పాడు. సోమేశ్వరరావు ముక్కు మూసుకుని లోపలికి వెళ్ళాడు. నేలంతా చెప్పులు. జతలు విడిపోయిన చెప్పులు. వాటి మధ్య వంగి వంగి వెతికాడు. తాళంచెవి దొరకలేదు.

తిరిగొచ్చి ఆ మాటే చెప్పాడు. మగవాళ్ళంతా కలిసి సుత్తితో మోటారు గది తాళం పగలగొట్టారు. కాసేపటికి ట్యాంకు నిండిన చప్పుడు వినపడింది. ఎవరి కుళాయిల దగ్గరికి వాళ్ళు పరిగెత్తారు.

తలంటు పూర్తిచేసుకున్నాక పద్మశ్రీ బాల్కనీలో జుట్టు ఆరబెట్టుకుంటూ అంది.

"ఏవండీ, ఈసారి వాచ్‌మన్‌ని పెట్టుకున్నప్పుడు తాళంచెవులు రెండు చేయించండి. ఒకటి మనింట్లోనే ఉంచుకుందాం."